ఆవిడ వైపు చక్రం

కోతల డ్రైవరు ఇల్లెక్కడ అని అడిగితే ఆ వీధిలో మాటలింకా సరిగ్గా రాని పసిపిల్ల కూడా వేలు చూపిస్తుంది. అసలు పేరుతో అడిగితే మాత్రం ఆయన భార్య కూడా ఒక క్షణం ఆలోచించుకోవాలి. జీవితమంతా అద్దె కారు తిప్పిన మనిషి. తిప్పిన దూరం ఎంతో ఎవరికీ తెలియదు గానీ, దాని గురించి కోసిన కోతలు ఒకదాని వెనక ఒకటి పేరిస్తే మాత్రం చందమామ దాకా రోడ్డు పడుతుంది.

ఒకసారి కొండ దారిలో బ్రేకులు పోతే, బండిని మాటల్లో పెట్టి మెల్లగా కిందికి దించుకొచ్చానంటాడు. ఇంకోసారి వరదలో రోడ్డు కొట్టుకుపోతుంటే, రోడ్డుకంటే వేగంగా నడిపి, ముందుకెళ్ళి దాన్ని పట్టుకున్నానంటాడు. వినేవాళ్ళు పడీపడీ నవ్వితే ఆయనకు పౌరుషం వచ్చేది.

"నవ్వండి, నవ్వండి. మా ఆవిడనడగండి కావాలంటే. పక్క సీట్లోనే ఉంది."

"ఉన్నానమ్మా, ఉన్నాను. కాకపోతే కళ్ళు మూసుకున్నాను," అనేది ఆవిడ, తల కూడా ఎత్తకుండా.

ఆయన కోతల్లో నిజం ఒక్కటే. చెవి. బండిలో ఏ మూల ఏ చిన్న తేడా వచ్చినా ఆయన చెవి నిక్కపొడుచుకునేది. ఇంజన్లో చీమ తుమ్మినా వినిపిస్తుందని ఆయన అంటే, తుమ్మిన చీమకు జలుబు ఎన్నాళ్ళుగా ఉందో కూడా చెప్పు అని ఆవిడ ఆటపట్టించేది. అయితే ఆ చెవిలో ఒక లోపం ఉంది. చప్పుడు ఉందని పట్టుకోగలదు గానీ ఎక్కడుందో చెప్పలేదు. ఆ పని ఆవిడది. చెప్పులు విప్పి, ఉత్త అరికాళ్ళు బండి నేలకు ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు కూర్చునేది. తర్వాత, చీకటి వంటింట్లో ఉప్పుడబ్బా ఎక్కడుందో చెప్పినంత సులువుగా, "వెనక, నీ వైపు, చక్రం లోపల" అనేది. షెడ్డుకు తీసుకెళ్ళి విప్పితే అక్కడే ఉండేది. కాపురం మొదలైనప్పటినుంచీ ఒక్కసారి కూడా ఆవిడ మాట తప్పలేదు.

ఇప్పుడు బండికీ వయసు మళ్ళింది. ఆయన దాన్ని ముసలిది అని పిలుస్తాడు. "ముసలిదాన్ని బయటికి తీస్తున్నా" అంటే, "ఏ ముసలిదాన్ని?" అని లోపలినుంచి ఆవిడ అడుగుతుంది. అద్దె సవారీలు ఎప్పుడో మానేశాడు. ఆవిడ జబ్బు ఎముకల్లోకి పాకిందని తెలిసినప్పటినుంచి ఆ బండికి ఒకటే దారి. ఇంటినుంచి ఆసుపత్రికి, ఆసుపత్రినుంచి ఇంటికి.

మందులు ఇక జబ్బును తగ్గించవనీ, నొప్పిని కాస్త అదుపులో ఉంచుతాయనీ డాక్టరమ్మ చెప్పేసింది. అది విని ఆవిడ ఏడవలేదు. ఒక్కటే అడిగింది. "మా చెల్లి దగ్గరికి వెళ్ళొచ్చా?"

చెల్లెలు ఉన్న ఊరు కారులో ఒక పూట ప్రయాణం. తుంటి ఎముక విరిగి ఆ పిల్ల గడప దాటలేదు. పిల్ల అంటే పిల్ల కాదు, మనవలున్న మనిషే. కానీ అక్కకు చెల్లెలు ఎప్పుడూ పిల్లే. ఇద్దరూ రోజూ ఫోనులో మాట్లాడుకుంటారు. "నువ్వు రాలేవు, నేను రాలేను, మధ్యలో ఎక్కడైనా కలుద్దామా" అని నవ్వుకుంటారు. ఫోను పెట్టేశాక ఆవిడ చాలాసేపు గోడవైపు తిరిగి పడుకుంటుంది.

డాక్టరమ్మ ఆలోచించి, "ప్రమాదం అనను. బాధ అంటాను," అంది. ఆయనవైపు తిరిగి, "అంత దూరం ఆ కుదుపులు పడగలరో లేదో పక్కనుండి మీరే చూడాలి. ఇక్కడికి వచ్చి వెళ్ళే దారిలో గమనించండి. పడగలరనిపిస్తేనే తీసుకెళ్ళండి," అంది.

ఆ రోజు బండి ఎక్కగానే ఆయన తీర్పు చెప్పేశాడు. "చూడు పిల్లా. దారిలో ఒక్కసారి 'అమ్మా' అన్నావంటే ప్రయాణం మాట ఎత్తనివ్వను. నిన్ను హింస పెట్టి నేను తీసుకెళ్ళలేను."

"అనను లేవయ్యా," అంది ఆవిడ.

సరిగ్గా ఆ రోజుల్లోనే ముసలిదానికి చప్పుడు పట్టుకుంది. చిన్న గుంటలో పడితే డబ్‌మంటుంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే కిర్రుమని మూలిగి, దిగుతూ మళ్ళీ డబ్‌మంటుంది. పాత తలుపు ఎవరో కాలితో తన్నినట్టుంటుంది. ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా ఆయన ఆవిడవైపు తిరిగేవాడు. చప్పుడంటే దెబ్బ, ఆ దెబ్బ ఆవిడ వెన్నులోకి పోతుంది అని ఆయన లెక్క.

"నొప్పిగా ఉందా?"

"లేదంటున్నాగా."

"ఏదీ, ఇటు తిరుగు."

"రోడ్డు చూసి నడపవయ్యా. నా మొహంలో ఏముంది కొత్తగా!" అని ఆవిడ కిటికీవైపు తిరిగేది. మెడచుట్టూ ఉన్న శాలువా నోటిదాకా లాక్కునేది.

ఒక ఆదివారం పొద్దున ఆయన బండి ఆపి, "పిల్లా, కాళ్ళు పెట్టి చెప్పు. ఎక్కడ?" అన్నాడు.

ఆవిడ చెప్పులు విప్పింది. అరికాళ్ళు ఆనించింది. ఆయన మెల్లగా ముందుకు కదిలించి ఒక గుంటలో దించి ఎత్తాడు. డబ్.

"వెనకాల," అంది.

"వెనకాలా? నాకు ముందునుంచి వస్తున్నట్టుందే!"

"నీకెప్పుడూ అలాగే ఉంటుంది. వెనకాలే. డిక్కీలో ఏదో దొర్లుతోంది."

ఆయన డిక్కీ అంతా ఖాళీ చేశాడు. స్టెప్నీని పాత దుప్పట్లో చుట్టి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టాడు. జాకీకి గుడ్డ చుట్టాడు, స్పానర్లకు గుడ్డ చుట్టాడు. మర్నాడు ఆసుపత్రి దారిలో మళ్ళీ డబ్.

"వెనక షాకబ్జర్లేమో," అంది ఆవిడ.

వెనక షాకబ్జర్లు రెండూ మార్పించాడు. డబ్.

"అయితే వెనక తలుపు బిజాగరీ అయ్యుంటుంది."

బిజాగరీలకు నూనె పోసీ పోసీ వెనక సీటంతా జిడ్డు చేశాడు. డబ్. కిర్ర్, డబ్.

"ఎందుకయ్యా దాని వెంట పడతావు? ముసలిదైపోయింది. కీళ్ళు అరిగిపోయాయి. దానిమానాన దాన్ని మూలగనీ," అంది ఆవిడ. "నా మాట విని వదిలెయ్. చప్పుడుతోనే వెళదాం మా చెల్లి దగ్గరికి."

ఆయన వదల్లేదు. బతుకంతా బండి నడిపి, చివరికి భార్యను ఒక్క ప్రయాణం మెత్తగా తీసుకెళ్ళలేకపోతే ఈ స్టీరింగు పట్టుకున్న చేతులెందుకు అనుకున్నాడు. ఆసుపత్రి దారిలో ఆవిడ ఒక్కసారి కూడా 'అమ్మా' అనకపోవడంతో చెల్లెలింటికి ప్రయాణం ఖాయమైంది. బయల్దేరే ముందురోజు, ఆవిడ నిద్రపోతుండగా చప్పుడు చేయకుండా, అంటే ఆ బండి చేసే చప్పుడు పోగా మిగతాది చేయకుండా, షెడ్డుకు వెళ్ళాడు.

షెడ్డు మేస్త్రి ఆయన్ను బాబాయ్ అంటాడు. చుట్టరికం ఏమీ లేదు, గ్రీజు చుట్టరికం.

"ఏం బాబాయ్, ముసలిది మళ్ళీ అలిగిందా?"

"వెనకాల చప్పుడురా. ఎన్ని మార్చినా పోవట్లేదు."

మేస్త్రి బండి ముందు మూల మీద రెండు చేతులూ వేసి గట్టిగా నొక్కి వదిలాడు. కిర్రుమంది. అటు తిరిగి రెండో మూల నొక్కాడు. మెత్తగా లేచింది. మళ్ళీ మొదటి మూలకు వచ్చి, జాకీ పెట్టి లేపి, చక్రం వెనక ఇనప చెయ్యిలా చాపుకుని ఉండే ఆర్మ్ కిందికి ఒక కడ్డీ దూర్చి మెల్లగా ఎత్తాడు. ఆర్మ్ కీలు దగ్గర వేలెడంత కదిలింది.

"వెనకాలని ఎవరు చెప్పారు బాబాయ్? ఇలా చూడు. బుష్షు చిరిగిపోయింది. ఇనుముకీ ఇనుముకీ మధ్య ఉండాల్సిన రబ్బరు పొడుంపొడుమైంది. గుంట వస్తే ఇనుము వెళ్ళి ఇనుమునే కొట్టుకుంటోంది."

"మీ పిన్ని చెప్పింది."

"పిన్నా!" మేస్త్రి కడ్డీ కింద పెట్టి లేచాడు. "పిన్ని ఎప్పుడైనా తప్పు చెప్పిందా? బాబాయ్, ఇది సరిగ్గా ఆవిడ సీటు కింద. ఆవిడ కాళ్ళ దగ్గర సుత్తితో కొట్టినట్టుంటుంది. నిద్రలో ఉన్నవాళ్ళకు కూడా తెలుస్తుంది."

కోతల డ్రైవరు మెల్లగా వెళ్ళి అక్కడ పేర్చి ఉన్న పాత టైర్ల మీద కూర్చున్నాడు. ఆవిడ అరికాళ్ళు చచ్చుబడ్డాయన్న మాట. జబ్బు వెన్నులోనుంచి దిగి, కాళ్ళలోకి పోయి, ఆ అరికాళ్ళను తినేసిందన్న మాట. తనకు తెలియనివ్వకుండా, తెలియకపోయినా తెలిసినట్టు, వెనకాల వెనకాల అని ఏదో ఒకటి చెబుతూ వచ్చింది పిచ్చిది. ఆయనకు కళ్ళు మసకబారాయి. గ్రీజు చేత్తో తుడుచుకుని మొహమంతా నల్లగా చేసుకున్నాడు.

మేస్త్రి ఆర్మ్ విప్పి, పాత బుష్షును ప్రెస్సులో పెట్టి బయటికి తోసి, కొత్తదానికి సబ్బునీళ్ళు రాసి లోపలికి ఎక్కించాడు. ఆర్మ్ తిరిగి బిగించి, బోల్టు మాత్రం వదులుగా వదిలేసి బండిని నేలమీదికి దించాడు.

"బోల్టు బిగించవేంరా?"

"గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, దించగానే రబ్బరు మెలిపడుతుంది బాబాయ్. నాలుగు రోజులకే చిరుగుతుంది. బరువు కాళ్ళమీద పడ్డాకే బిగించాలి. రోజూ ఎక్కే మనిషంత బరువు ఆ సీట్లో పెడితే ఇంకా మంచిది. పిన్ని కూర్చునే చోట ఏదైనా పెట్టు."

గోడ పక్కన పనికిరాని ట్రాక్టరు బ్యాటరీలు పడి ఉన్నాయి. ఆయన ఒకటి మోసుకొచ్చి ఆవిడ సీట్లో పెట్టాడు. ఇంకొకటి పెట్టాడు. ఆయాసపడుతూ ఇంకొకటీ, ఇంకొకటీ పెట్టాడు. తలుపు పట్టుకుని వాటివైపు చూస్తూ నిలబడ్డాడు. మొన్న ఆవిడను మంచం మీదనుంచి లేపి బండిలోకి ఎత్తి కూర్చోబెట్టింది ఈ చేతులే. వాటికి బరువు తెలుసు. ఒక బ్యాటరీ తీసి కింద పెట్టాడు. కాస్త ఆగి ఇంకొకటి కూడా తీశాడు.

"చాలు. బిగించరా," అన్నాడు.

మేస్త్రి సీటువైపు చూశాడు, ఆయనవైపు చూశాడు. తల వంచుకుని బండి కిందికి దూరాడు.

మర్నాడు ఇంకా ఎండెక్కక ముందే ఆవిడను తయారుచేసి, సీట్లో ఒక దిండు, వీపుకు ఒక దిండు, పక్కన ఒక దిండు పెట్టి కూర్చోబెట్టాడు. ఆవిడ కొత్త పెళ్ళికూతురిలా ముచ్చటగా తల దువ్వుకుంది. చెల్లెలికి ఫోను చేసి, "వస్తున్నానే, వాకిట్లో కుర్చీ వేయించుకో," అంది.

వీధి మలుపులో మొదటి స్పీడ్ బ్రేకర్ వచ్చింది. ముసలిది ఎక్కింది, దిగింది. కిర్రు లేదు, డబ్ లేదు. పిల్లి గోడ దిగినట్టు దిగింది.

ఆవిడ చటుక్కున ఆయనవైపు తిరిగింది. "చప్పుడేదీ?"

"మాయం చేశాను. ఎలా ఉంది నా పనితనం?" మీసం మెలేశాడు ఆయన.

ఆవిడ నవ్వలేదు. "బాగుంది," అంది. శాలువా నోటిదాకా లాక్కుంది.

రెండో స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆవిడకు దగ్గొచ్చింది. రోడ్డు తవ్వి పూడ్చిన చోట మళ్ళీ దగ్గొచ్చింది. చలిగాలి తగులుతోందేమోనని ఆయన అద్దం ఎత్తాడు. బండిలో ఇప్పుడు గాలి చప్పుడు కూడా లేదు.

ఊరు దాటాక పొడుగాటి వంతెన వచ్చింది. వంతెన మీద పలకకూ పలకకూ మధ్య అతుకు. అతుకు దాటినప్పుడల్లా చిన్న కుదుపు. దగ్గుకూ దగ్గుకూ మధ్య ఊపిరి పీల్చుకునే వ్యవధి లేదు. మొదటి అతుకు దగ్గర దగ్గు. రెండో అతుకు దగ్గర సగం దగ్గు. తర్వాత దగ్గు లేదు. శాలువా లోపలినుంచి, పంటి కింద నలిగి, దాదాపు ఊపిరిలాగే ఒక ధ్వని వచ్చింది. అతుకు దాటితే ఆగింది. మళ్ళీ అతుకు వస్తే మళ్ళీ వచ్చింది. ఆ ధ్వని ఎక్కడినుంచి వస్తోందో చెప్పడానికి ఈసారి ఆయనకు ఎవరూ అక్కరలేకపోయింది.

వంతెన దాటి, రోడ్డు పక్కన చెట్టు నీడలో బండి ఆపాడు. ఇంజను ఆపాడు.

"దగ్గు, అంతే," అంది ఆవిడ.

"అది దగ్గు కాదు పిల్లా."

ఆవిడ శాలువా దించింది. కింది పెదవి మీద పళ్ళ గాట్లు. కొత్తవి కొన్ని, పాతవి కొన్ని.

"చప్పుడు ఎందుకు తీయించావయ్యా!" అంది. అని ఏడ్చింది. జబ్బు పేరు విన్నప్పుడు ఏడవని మనిషి, ఒక బుష్షు కోసం ఏడ్చింది. "అది ఉంటే ఎంత బాగుండేది. అది డబ్‌మన్నప్పుడు నేనూ అమ్మా అనుకునేదాన్ని. నీకు దాని గోలే వినపడేది. ఆ కాస్త ఆసరా కూడా లాగేశావు."

"వెనకాలన్నావు..."

"ముందని చెబితే మర్నాడే బాగుచేయించవూ! నా కాళ్ళకిందే కొట్టుకుంటోంది. మొదటిరోజే తెలుసు."

ఆయన ఎగిరిపడ్డట్టు వంగి ఆవిడ పాదం పట్టుకున్నాడు. "అయితే నీ కాళ్ళకేం కాలేదా? స్పర్శ ఉందా?"

"కాళ్ళకేమయింది? వదులు, చక్కిలిగిలి!"

ఆయనకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో విరిగిపోయి ఇంకేదో అయింది. పాదం వదలకుండా అలాగే వంగి ఉండిపోయాడు. వారాల తరబడి పక్కనే, మూరెడు దూరంలో, ఈ మనిషి దెబ్బ దెబ్బకూ కేక మింగుతుంటే తాను స్టెప్నీకి దుప్పటి చుట్టాడు. బిజాగరీలకు నూనె పోశాడు.

తల ఎత్తి తాళంచెవి తిప్పాడు. "ఇంటికి పోదాం. డాక్టరమ్మకు మాటిచ్చాను."

"ఏమని ఇచ్చావు?"

"నొప్పి ఉంటే తీసుకెళ్ళనని."

"నొప్పి ఉందా అని అడగలేదావిడ. పడగలనా లేదా చూడమంది. ఇన్నాళ్ళూ పడ్డానుగా? పడలేనని ఎవడన్నాడు?" ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "ఇంట్లో పక్కమీద ఇటునుంచి అటు తిరిగినా ఇదే నొప్పి. నీకు వినపడకుండా దిండు కొరుక్కుంటాను. ఇంటికి తిప్పితే నొప్పి పోతుందంటే తిప్పు. అక్కడా అదే ఉన్నప్పుడు, మా చెల్లి మొహం చూసి పడతాను."

ఆయన స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని రోడ్డువైపు చూశాడు. ముందుకు పోయే రోడ్డు ఎంత గతుకులుగా ఉందో, వెనక్కి పోయేదీ అంతే గతుకులుగా ఉంది.

గేరు వేసి, "సరే. కానీ దగ్గొద్దు. శాలువా కొరకొద్దు. నొప్పేస్తే అరిచెయ్," అన్నాడు.

"నడిరోడ్డు మీదా? సిగ్గుండాలి!"

"అద్దాలెత్తి ఉన్నాయి. ఎవడు వింటాడు?"

"నువ్వు వింటావుగా."

"నేను వినాలి," అన్నాడు.

బండి కదిలింది. ముందున్న గుంటను దూరంనుంచే చూసి, వేగం తగ్గించి, "గుంట," అని చెప్పాడు. ఆవిడ ఎడమచేత్తో తలుపు పట్టుకుని, కుడిచేత్తో ఆయన భుజం పట్టుకుంది. చక్రం దిగి లేచింది. "అమ్మా!" అంది ఆవిడ, మొదట చిన్నగా, సిగ్గుపడుతూ. ఇంకో గుంట. ఇంకాస్త పెద్దగా. తర్వాత సిగ్గు వదిలేసింది. ఎప్పుడో పోయిన తల్లిని కేకేసి పిలిచింది. ముసలిదాన్ని తిట్టింది, రోడ్డు వేసినవాణ్ణి తిట్టింది, తనను పెళ్ళిచేసుకున్నవాణ్ణి తిట్టింది. ప్రతి కేకకూ ఆయన భుజంలోకి ఆవిడ వేళ్ళు దిగబడేవి. ఆయన "గుంట" అనీ, "అతుకు" అనీ, "రాయి" అనీ ముందుగా చెబుతూ, ఇంకేమీ మాట్లాడకుండా, ఎద్దుబండికంటే నెమ్మదిగా నడిపాడు. వెనక వచ్చేవాళ్ళు హారన్లు కొట్టి, తిట్టుకుంటూ దాటి పోయారు.

ఎండ వాలే వేళకు చెల్లెలి వీధిలోకి తిరిగారు. వాకిట్లో కుర్చీలో కూర్చుని, రెండు కర్రల మీద గడ్డం ఆనించుకుని చూస్తోంది ఆ ముసలి పిల్ల. గుమ్మం ముందు కాలువ మీద వేసిన బండ పగిలి ఉంది.

"కాలువ," అన్నాడాయన.

ఆ కేక వీధంతా వినిపించింది. చెల్లెలు కర్రలు జారవిడిచి, లేవలేక లేస్తూ, "అక్కా! ఏమైందక్కా?" అని అరిచింది.

"ఏం కాలేదే. వచ్చేశాను," అంది ఆవిడ లోపలినుంచి, ఇంకా ఆయన భుజం వదలకుండానే.